రామప్ప గుడి పేరా: 1213 దగ్గర మొరాయిస్తున్న వాక్యం

కొత్త వాడుకరుల అభ్యాసం కోసం వికీపీడియా ప్రయోగశాలలో (రాసి చూసుకునే పేజీలో) పెట్టిన రామప్ప గుడి పేరా దాదాపు కొలిక్కి వచ్చింది, ఒక్క వాక్యం తప్ప. "ఆలయ నిర్మాణానికి 40 ఏళ్ళు పట్టింది, 1213లో పూర్తయింది." చదవడానికి నిండుగా ఉంది. మూలం పెట్టబోతేనే సతాయిస్తోంది.

మిగతావి తొందరగానే తెమిలాయి. 2011 జనగణనలో గుడి ఉన్న ఊరు పాలంపేట కోసం వరంగల్ జిల్లా పట్టికలే చూడాలి, ములుగు జిల్లా ఏర్పడింది 2019లో. "అత్యద్భుత", "జగత్ప్రసిద్ధ" లాంటివి తీసేసి, 2021 జులై 25న ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిందని రాశాక పొగడ్త అక్కర్లేకపోయింది.

ఇక ఆ వాక్యం సంగతి. అందులో రెండు మూలాల మాటలు అతుక్కుపోయాయి. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు వేయించిన శాసనం శక సంవత్సరం 1135 నాటిది, అంటే క్రీ.శ. 1213. అది గుడిలోని దేవుడు రుద్రేశ్వరుడి ప్రతిష్ఠ గురించి, ఇచ్చిన ఊళ్ళ గురించి చెబుతుంది. 40 ఏళ్ళ మాట యునెస్కో వివరణలో ఉంది. కానీ అక్కడ 1213 మొదలైన ఏడాది, ఆ తర్వాత పని సుమారు 40 ఏళ్ళు సాగిందని భావిస్తున్నారని ఉంది. ఒకచోట ముగింపులా కనిపించే ఏడాది ఇంకోచోట ఆరంభం.

ఇక్కడే చేతులు లెక్కలకు దిగుతాయి. 1213లోంచి 40 తీసేస్తే 1173, కలిపితే 1253. ఈ రెండు అంకెల్లో ఏది రాసినా అది మన సొంత కూడికే, వికీపీడియా ఒప్పుకోని మౌలిక పరిశోధన (మూలాల్లో లేనిది మనమే తేల్చడం) కిందికి వస్తుంది. పక్కన రెండు మూలాలు తగిలించినా తప్పు తప్పే, ఎందుకంటే ఆ అంకె ఆ రెంటిలోనూ లేదు. గర్భాలయంలో ప్రతిష్ఠ అయ్యాక మండపాల పని సాగి ఉండొచ్చన్న ఊహ బాగానే ఉంది. దాని చోటు మాత్రం వ్యాసం పక్కనుండే చర్చ పేజీ.

ప్రస్తుతానికి నిలబడిన రూపం ఇది: "1213 నాటి రేచర్ల రుద్రుడి శాసనం రుద్రేశ్వరుడి ప్రతిష్ఠను, దానాలను పేర్కొంటుంది. యునెస్కో వివరణ ప్రకారం నిర్మాణం 1213లో మొదలై సుమారు 40 ఏళ్ళు సాగిందని భావిస్తున్నారు." వాక్యానికొక మూలం, ఆ వాక్యం చివరే. రెండూ కలిపి పేరా చివర పెడితే ఏది దేనికో చదివేవాళ్ళకి తెలీదు. "కొందరి ప్రకారం" అని మాత్రం రాయకండి, ఆ కొందరెవరో పేరు పెట్టండి. శాసనాన్ని మనమే చదివి అర్థం చెప్పకుండా, హైదరాబాద్ ఆర్కియలాజికల్ సిరీస్‌లో అచ్చయిన పాఠాన్ని, దాని మీద చరిత్రకారులు రాసినదాన్ని పుటసంఖ్యతో ఉటంకించడం మేలు.

పత్రికల పర్యాటక కథనాలు ఈ పనికి నాకు ఆనవు. చాలావాటిలో వాక్యాలు వికీపీడియా పేజీవే. పేజీ చరిత్రలోకి వెళ్ళి ఆ వాక్యం మొదట ఏ తేదీన చేరిందో చూడండి. కథనం ఆ తర్వాతిదైతే పక్కన పెట్టేయడమే. వికీపీడియాలో దిద్దుబాట్లు చేసే విజువల్ ఎడిటర్ తనంతట తాను తయారుచేసే మూలం కూడా తెలుగు పత్రికల లింకులకు సరిగ్గా కుదరదు. శీర్షిక వెనక సైటు పేరు తోక వస్తుంది, ప్రచురణ తేదీ ఖాళీగా ఉండిపోతుంది. చేత్తో నింపితే రెండు నిమిషాల పని. ఈపేపరు లింకు చచ్చిపోతుందని ముందే అనుకుని పత్రిక పేరు, ఎడిషన్, తేదీ, పుట రాసుకోవాలి. అవి ఉంటే లింకు పోయినా మూలం బతుకుతుంది.

తర్వాతి వంతు "శిల్పి పేరు మీద ఉన్న ఏకైక ఆలయం" అన్న మాటది. "ఏకైక" అనాలంటే మిగతా గుడులన్నిటినీ పోల్చి చూసిన రచన కావాలి. అది చేతికందేదాకా ఆ మాటను చర్చ పేజీలోనే ఉంచి, ముందుగా "నీళ్ళలో తేలే ఇటుకలు" అన్న వాక్యం పట్టుకోవాలి. విమానానికి (గర్భాలయం మీది శిఖరానికి) తేలికైన, రంధ్రాలున్న ఇటుకలు వాడారన్నంతవరకు యునెస్కో వివరణే ఆధారంగా సరిపోతుంది.