సర్జరీ తర్వాత నేను మానుకున్న పని

రెండేళ్లపాటు మొలలే అనుకుని మొలల మందు రాసుకున్నాను. మోషన్‌కి వెళ్లినప్పుడల్లా ఎర్రగా, మెత్తగా ఏదో బయటికి వచ్చేది. మొదట్లో దానంతటదే లోపలికి పోయేది, తర్వాత వేళ్లతో తోసుకోవాల్సి వచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పాలి అసలు?

సర్జన్ చూసిన వెంటనే ఇవి మొలలు కావన్నారు. మొలలైతే విడివిడి బుడిపెల్లా కనిపిస్తాయట, ఇది చుట్టూ వలయాల్లా మడతలు పడి వస్తుంది. చొక్కా విప్పేటప్పుడు దాని చేయి లోపలిది బయటికి తిరగబడ్డట్టు మలాశయం, అంటే పెద్దపేగు చివరి భాగం, తిరగబడి బయటికి జారుతోందని బొమ్మ గీసి చూపించారు. దీన్ని రెక్టల్ ప్రొలాప్స్ అంటారట. కింద నుంచి, అంటే మలద్వారం వైపు నుంచి చేసే ఆపరేషన్ శరీరానికి తేలికే, గుండె జబ్బులున్న పెద్దవాళ్లకి తరచుగా అదే చేస్తారు. కానీ మళ్లీ జారే అవకాశం సాధారణంగా దానిలో ఎక్కువ. నా ఆరోగ్యం తట్టుకుంటుంది కాబట్టి పొట్ట వైపు నుంచి చిన్న రంధ్రాలతో ల్యాప్రోస్కోపీ చేసి, మలాశయాన్ని పైకి లాగి, వల లాంటి మెష్‌తో వెన్ను అడుగు ఎముకకి బిగించారు.

డిశ్చార్జి రోజు ఆయన అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "మేం పైకి కట్టాం. మీరు రోజూ కిందికి తోస్తూ ఉంటే అది ఎన్నాళ్లని ఆగుతుందమ్మా?"

ఆరు వారాలు బరువులెత్తొద్దన్నారు, ఎత్తలేదు. అది పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా బాత్రూములోనే. నొప్పి మాత్రల్లో కొన్ని పేగుని మందగింపజేస్తాయి, అందుకే మొదటి రోజు నుంచే మలం మెత్తబడే మందు ఇచ్చారు. నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, పాత ఐరన్ మాత్రలు ఎవరినీ అడక్కుండా మళ్లీ మొదలుపెట్టడం. వారం తిరిగేసరికి మలం రాయిలా గట్టిపడింది. భయపడి డాక్టరుకి ఫోన్ చేస్తే ముందు అవి ఆపించి, తర్వాత వేరే రకం రాసిచ్చారు.

పీచు సంగతీ అంతే. రోజుకి 25 నుంచి 30 గ్రాముల పీచు పొట్టలోకి వెళ్లాలన్నారు కదా అని ఒక్కసారే పెంచేశాను. పొట్ట డోలులా ఉబ్బింది. పైగా ఇసబ్‌గోల్ వేసుకుని సరిపడా నీళ్లు తాగకపోతే మలం ఇంకా గట్టిపడుతుందని అనుభవం మీద తెలిసింది. మళ్లీ కొద్దికొద్దిగా మొదలుపెట్టి, నెల రోజుల్లో ఆ లెక్కకి చేరాను.

మలం మెత్తబడింది. అయినా నేను ముక్కడం ఆపలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. పని అయిపోయినా ఇంకా ఏదో లోపల మిగిలిందన్న భావన పోదు. సర్జరీ తర్వాత కూడా పోలేదు. ఆ మిగిలినదాన్ని బయటికి పంపాలని ఇరవై నిమిషాలు కూర్చుని ముక్కడం నాకు చిన్నప్పటి అలవాటు.

అప్పుడు పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీకి, అంటే కటి అడుగు కండరాలకి నేర్పించే చికిత్సకి పంపించారు. వెళ్లడానికి సిగ్గుపడి రెండు అపాయింట్‌మెంట్లు ఎగ్గొట్టాను కూడా. మూడోసారి వెళ్తే, అక్కడి థెరపిస్ట్ చిన్న సెన్సర్ పెట్టి, "మోషన్‌కి వెళ్లినట్టు చేయండి" అంది. తెర మీద గీత కిందికి దిగాలట. నాది నిటారుగా పైకి లేచింది. అంటే వదలాల్సిన కండరాన్ని నేను గట్టిగా బిగిస్తున్నాను! తలుపు లోపల గడియ వేసి, బయటి నుంచి భుజంతో గుద్దుతున్నట్టు. ఇన్నేళ్లూ నేను ముక్కింది ఆ మూసిన తలుపు మీదనా అని నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అక్కడ నేర్చుకున్నది చాలా సాదాగా ఉంటుంది. పాదాల కింద చిన్న పీట వేసుకుని మోకాళ్లు తుంటి కన్నా ఎత్తులో ఉంచడం, ముందుకి వంగి మోచేతులు మోకాళ్ల మీద ఆనించడం, ఊపిరి బిగబట్టకుండా పొట్టని వదులుగా ఉబ్బించి నెమ్మదిగా గాలి బయటికి వదలడం. పొద్దున ఏదైనా తిన్నాక పేగు తనంతట తానే కదులుతుంది కాబట్టి ఆ సమయానికే వెళ్లడం. పది నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేయడం. ఫోన్ లోపలికి తీసుకెళ్లకపోవడం అన్నిటికన్నా కష్టమైంది, ఒప్పుకుంటాను. వదలడం వచ్చాకే బిగించే వ్యాయామాలు మొదలుపెట్టించింది. ఆ తెర మీద గీత కిందికి దిగడానికి నాకు ఐదు సిట్టింగులు పట్టింది.

మిగిలిందన్న భావన ఇప్పటికీ కొన్ని రోజులు వస్తుంది. లేచి చేతులు కడుక్కుని వచ్చేస్తాను. అరగంటలో అదే పోతుంది. జలుబు చేసి దగ్గు పట్టుకున్నప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా వెళ్లి మందు తెచ్చుకుంటున్నాను, ప్రతి దగ్గుకీ కింద ఒత్తిడి పడుతుంది కదా.

ఏడాది చెకప్‌లో సర్జన్ నన్ను కమోడ్ మీద కూర్చోమన్నారు. మళ్లీ జారుతోందో లేదో తెలియాలంటే అలాగే చూడాలట. "ఇప్పుడు గట్టిగా ముక్కండమ్మా" అన్నారు. నాకు చేతకాలేదు. రెండోసారి, మూడోసారి అడిగితే గానీ ముక్కలేకపోయాను. ఏమీ బయటికి రాలేదు.