మా డ్రిప్ కథ: బకెట్‌తో కొలిచిన బోరు

మాది అనంతపురం జిల్లా. మూడెకరాల చీనీ (బత్తాయి) తోట, ఒకే బోరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు. అదైనా ఈమధ్య నాలుగు రోజులు కుమ్మరించి, తర్వాత నెల్లాళ్లు మొహం చాటేస్తోంది. ఎండాకాలం పాదులకు నీళ్లు కట్టుకుంటూ చివరి వరసకు వెళ్లేసరికి మొదటి వరస ఆకులు ముడుచుకునేవి.

పైపులతో చెట్టు మొదట్లో చుక్కచుక్కగా నీళ్లు పోసే డ్రిప్ పెట్టిద్దామంటే నాయన వినలేదు. "పాదు నిండితేనే చెట్టు తాగినట్టు. చుక్కలు పడితే దానికి గొంతు తడుస్తుందా?" అనేవాడు. పక్క తోటలో కాయ సైజు చూశాకే మెత్తబడ్డాడు.

చిన్న, సన్నకారు రైతులకు కేంద్ర పథకం కింద 55 శాతం సబ్సిడీ వస్తుంది. రాష్ట్రం మరికొంత కలిపి ఐదెకరాల లోపు వాళ్లకు 90 శాతం చేసింది. మేం కట్టాల్సింది 10 శాతమే కదా, పని ఇట్టే అయిపోతుందనుకున్నా. పాసుపుస్తకంలో నాయన ఇంటిపేరుకు, ఆధార్‌లో ఇంటిపేరుకు ఒక్క అక్షరం తేడా వచ్చింది. ఇద్దరూ ఒకరేనని ఊరంతా చెబుతుంది, కంప్యూటర్ ఒప్పుకోదు. ఆ అక్షరం కోసం ఐదుసార్లు తిరిగాం. ఆ గోల ఇక్కడ వద్దులెండి.

అసలు విషయం సర్వే రోజు జరిగింది. కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు ఫోన్‌తో పొలం చుట్టూ తిరిగి కొలతలు తీసుకున్నాడు. మోటారు హెచ్‌పీ అడిగి, "రెండు వాల్వులు పెడితే చాలు పెద్దాయనా, ఒక్కోటి తిప్పితే ఎకరంన్నర చొప్పున పారుతుంది" అన్నాడు. బోరు గంటకు ఎన్ని నీళ్లు పోస్తుందో అడగలేదు. మేం నింపిన కాగితాల్లోనూ ఆ మాట రాసిన గుర్తు లేదు.

ఇరవై లీటర్ల బకెట్ పైపు కింద పెట్టి, ఫోన్‌లో టైమ్ చూశా. నిండటానికి 20 సెకన్లు పట్టింది. అంటే గంటకు 3,600 లీటర్లు. ఎకరానికి 110 చెట్లు, చెట్టుకు గంటకు 8 లీటర్లిచ్చే డ్రిప్పర్లు నాలుగు. ఎకరానికే 3,520 లీటర్లు కావాలి. ఎకరంన్నర ఒకేసారి వదిలితే చివరి చెట్లకు గాలే వస్తుంది. కుర్రాడు కాసేపు లెక్క చూసుకుని, తల గోక్కుని, మూడు వాల్వులు రాశాడు. పగలు కరెంటు తొమ్మిది గంటలు, వాల్వుకు మూడు గంటలు. చెట్టుకు రోజుకు 96 లీటర్లు. పాదులు నింపే రోజుల్లో నాయన ఇంత లెక్క ఎప్పుడూ చూడలేదు. అవసరం కూడా రాలేదేమో, అప్పట్లో బోరు ఆగకుండా పోసేది.

మంజూరయ్యాక డబ్బు కట్టాం. పైపులు మాత్రం ఎండాకాలమంతా దాటిపోయాక వచ్చాయి. ట్రయల్ రన్ రోజు నాయన ప్రతి చెట్టు దగ్గరా వంగి చూశాడు. ఒక డ్రిప్పర్ పడకపోతే నోటితో ఊదాడు.

పెట్టించుకోబోయే వాళ్లకు ఒక మాట. ఫిల్టర్ కడగకపోతే మట్టి చేరి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. మా ఉప్పునీళ్లకు ఉప్పు పేరుకుంటుంది కాబట్టి అప్పుడప్పుడు పైపుల్లోకి యాసిడ్ పట్టించాలి, పట్టించే పద్ధతి తెలిసిన వాళ్ల చేతే. ఉడతలు లేటరల్ (చెట్ల వరసల వెంట వేసే సన్న పైపు) కొరుకుతాయి. తాగడానికి వాటికి ఒక తొట్టిలో నీళ్లు పెడితే కొంత నయం.

తర్వాతి ఏడు కాయ బాగా వచ్చింది. నీళ్లు మిగిలాయి కదా అని నాయన తోట పక్కన బీడుగా ఉన్న ఎకరం దున్నించాడు. అందులోనూ చీనీ పెడతానంటున్నాడు. నేనేమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే బకెట్ పట్టుకుని బోరు దగ్గరకు రమ్మన్నా. నిండటానికి 26 సెకన్లు పట్టింది. నాయన ఇంకోసారి పెట్టమన్నాడు. మళ్లీ 26.