1924 కా, 1959 కా?

పడుకుందామంటే పొద్దుటి క్విజ్ జవాబు వదలట్లేదు. కర్లింగ్, అదే ఐస్ మీద రాళ్ళు జార్చే ఆట, ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1998లో, నగానోలో అట. మరి 1924 షామొనీ వింటర్ ఒలింపిక్స్ ఏమైనట్టు?

అక్కడ మూడే జట్లు, నిజమే. స్కాట్లాండ్ నుంచి వెళ్ళిన విల్లీ జాక్సన్ జట్టు బ్రిటన్ పేరుతో ఆడి స్వీడన్‌ని 38-7తో, ఫ్రాన్స్‌ని 46-4తో ఓడించింది. జాక్సన్ కొడుకు లారెన్స్, టామ్ మరే, 54 ఏళ్ళ రాబిన్ వెల్ష్ మిగతా ముగ్గురు. తర్వాత దాన్ని ఉత్త ప్రదర్శన పోటీ కింద జమకట్టేశారు. అవి అసలైన పతకాలేనని ఒలింపిక్ కమిటీ తేల్చింది 2006 ఫిబ్రవరిలో. ఎనభై రెండేళ్ళకి! అప్పటికి ఆ నలుగురిలో ఒక్కరూ లేరు. తేల్చాక కూడా క్విజ్‌లలో 1998 పోలేదు. జవాబులో "మళ్ళీ" అన్న ఒక్క మాట చేరిస్తే సరిపోయేదిగా!

ఇంత రాశాక ఇంకోటి తడుతోంది. మొదలంటే దాని వెనకాల ఇంకోటి రావాలి కదా. 1932 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో కెనడా, అమెరికా జట్లే ఆడాయి, అదీ ప్రదర్శనగానే. దేశాల మధ్య ఏటేటా జరిగే పోటీ 1959లో స్కాచ్ కప్‌తో వచ్చింది. స్కాట్లాండ్‌తో కెనడాకి ఐదు ఆటలు. ఎర్నీ రిచర్డ్‌సన్, అతని తమ్ముడు, ఇద్దరు కజిన్స్ కలిసి ఐదూ గెలిచేశారు.

ఎలా గెలిచారన్నదే నాకిష్టమైన భాగం. రాయి దాదాపు 20 కిలోలు. అడుగు లోపలికి తొలిచి ఉంటుంది, సన్నటి వలయం మాత్రమే ఐస్‌కి తగులుతుంది. ఐస్ మీద నీటి చుక్కలు చల్లి గడ్డకట్టిస్తారు, ఆ బొడిపెల మీదే వలయం జారుతుంది. బొడిపెలు అరిగినా, పైన నూగు మంచు పేరుకున్నా రాయి హాగ్ లైన్ (తప్పక దాటాల్సిన గీత) దాటకుండానే ఆగిపోతుంది, దాన్ని తీసేస్తారు. స్కాట్లాండ్ వాళ్ళు రాయిని నెమ్మదిగా హౌస్‌లో, అంటే గురి చుట్టూ గీసిన వృత్తాల్లో, ఆపడం మీద దృష్టి పెట్టేవాళ్ళు. కెనడా వాళ్ళు హ్యాక్‌ని (ఐస్‌లో కాలు ఆనించుకునే పట్టు) కాలితో తన్ని, రాయితో పాటే జారుతూ వెళ్ళి, గురికి దగ్గరగా వదిలి, ఎదుటి రాయిని కొట్టి బయటికి పంపేవాళ్ళు. వేగమంతా కాలి తోపులోంచే వస్తుంది, చెయ్యి పిడిని కాస్త తిప్పి వదలాలంతే. వదిలేటప్పుడు కుదిపితే దారి తప్పుతుంది.

1961లో అమెరికా, మరుసటేడు స్వీడన్ చేరాయి, 1966లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. కాబట్టి పతకానికి 1924, పోటీకి 1959. స్కాట్లాండ్ ఆ కప్పు గెలిచింది ఒక్కసారే, 1967లో, సొంతగడ్డ పెర్త్‌లో, చక్ హే జట్టు. ఆ పేరుతో జరిగిన చివరి పోటీ కూడా అదే.