మా ఆఫీసులో కులం గురించి మాట్లాడుకున్న ఏడాది

2023 ఫిబ్రవరి 21న అమెరికాలోని సియాటిల్ నగర మండలి, వివక్షను నిషేధించే తన చట్టంలో కులాన్ని కూడా చేర్చింది. ఆ దేశంలో అలా చేసిన మొదటి నగరం అదే. మా కంపెనీ ప్రధాన కార్యాలయం ఆ నగరంలోనే ఉంది కాబట్టి, కొన్ని వారాలకే సవరించిన నియమావళి హైదరాబాదులోని మా శాఖకూ చేరింది. చదివామని ఒప్పుకుంటూ ఒక బటన్ నొక్కాలి. రెండు రోజుల్లో అందరం నొక్కాం. అరవై మంది పనిచేసే విభాగానికి మేనేజరుగా, దానిపై ఒక గంట చర్చ జరిపే బాధ్యత నా మీద పడింది.

ఆ చర్చను నేను సరిగ్గా జరపలేకపోయాను. అందరినీ పెద్ద గదిలో కూర్చోబెట్టి, హెచ్.ఆర్. వాళ్లు పంపిన స్లయిడ్లు చదివి, మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా అని అడిగాను. "అలాంటివేమీ లేవండీ, అందరం కలిసే తింటాం కదా" అని ఒక సీనియర్ అన్నారు. చాలామంది తలలూపారు. మిగిలినవారు మాట్లాడలేదు. సమస్యలేవీ లేవని నివేదిక రాసి పంపాను. ఆ వాక్యం రాసినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మరునాడు టెస్టింగ్ బృందంలోని ఒక యువకుడు టీ తాగుతూ నాతో, "మేడమ్, అంతమంది ముందు ఉందని ఎవరు చెబుతారు? చెప్పినవాడు తన కులం చెప్పుకున్నట్టే కదా" అన్నాడు. నేను అడిగిన ప్రశ్నలోనే తప్పుందని అప్పుడు తెలిసింది. లేదని చెప్పడానికి ఏ ధైర్యమూ అక్కర్లేదు. ఉందని చెప్పడానికి మాత్రం, ఇన్నేళ్లుగా జాగ్రత్తగా దాచుకున్నదాన్ని పైఅధికారుల ఎదుట, రేపు తమ రేటింగు నిర్ణయించేవారి ఎదుట బయటపెట్టుకోవాలి.

మా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీలో బయటి సభ్యురాలిగా ఉన్న న్యాయవాదిని సలహా అడిగాను. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అలాంటి కమిటీ ఉండి తీరాలని 2013 నాటి చట్టం చెబుతుంది. ప్రైవేటు కార్యాలయాల్లో కుల వివక్షకు అలాంటి కమిటీ ఉండాలనే చట్టం మన దేశంలో లేదని ఆవిడ వివరించారు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచి ఉన్నా, అది పోలీసు స్టేషను మెట్లెక్కాల్సిన క్రిమినల్ చట్టం. పక్క సీటులోని మనిషి వేసిన ప్రశ్నకు నొచ్చుకున్నవారు అంతదూరం వెళ్లరు. మౌనంగా భరించడానికీ, కేసు పెట్టడానికీ మధ్య మా ఆఫీసులో మరో దారి లేదన్నమాట. "ఎవరు బాధపడ్డారని అడగకండి. ఇక్కడ ఏ ప్రశ్నలు అడుగుతుంటారో అడగండి" అన్నారావిడ. ఆ ఏడాది నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే.

జూన్ నుంచి ఎనిమిదేసి మందిని, వారి మేనేజర్లు లేకుండా కూర్చోబెట్టాం. ఎదుటివారి కులం తెలుసుకోవడానికి మన ఆఫీసులో ఏయే మాటలు వాడతారో పేరు లేకుండా రాయమన్నాం. చేతిరాత గుర్తుపడతారని ఒకరు భయపడితే, అందరూ టైపు చేసి, ముద్రించిన చీటీలే డబ్బాలో వేసేలా ఏర్పాటు చేశాం. కులం ఎవరూ చెప్పనక్కర్లేదు, ఎవరూ అడగకూడదు అన్నది ఒక్కటే నియమం.

చీటీలు చదువుతుంటే గది నిశ్శబ్దమైపోయింది. ఇంటిపేరేమిటి? మీ ఊళ్లో ఎటువైపు ఉంటారు? నాన్నగారు ఏం చేస్తారు? మీరు మావాళ్లలాగే ఉన్నారే! ఎంసెట్‌లో ర్యాంకెంత? ఈ చివరిది విని కొందరు ఆశ్చర్యపోయారు. ర్యాంకూ, చదివిన కాలేజీ పేరూ పక్కపక్కన పెట్టుకుంటే రిజర్వేషన్ సీటో కాదో లెక్క కట్టేస్తారని, ఉద్యోగంలో చేరి పదేళ్లయినా ఆ ప్రశ్న వదలదని ఒకరు రాశారు. తన తెలంగాణ యాసను క్లయింటు కాల్ అయ్యాక నలుగురూ అనుకరిస్తారని మరొకరు రాశారు. ఆ ప్రశ్నల్లో మూడు నేనూ కొత్తవాళ్లను ఎన్నోసార్లు అడిగినవే. పలకరింపే కదా అనుకునేదాన్ని.

అందుకే ప్రతి బృందంలోనూ ముందు నేనే మాట్లాడాను. మా కులసంఘం నడిపే హాస్టల్లో ఉండి చదువుకున్నానని, మొదటి ఉద్యోగానికి నా బయోడేటా పంపింది ఆ హాస్టల్ సీనియరేనని, దాన్ని చాలాకాలం నా ప్రతిభ అనే అనుకున్నానని చెప్పాను. పైస్థానంలో ఉన్నవారు తమకు అందినదాని గురించి ముందుగా చెబితే తప్ప, అందనివారు నోరు విప్పరని నా నమ్మకం. ఆ తరువాతే రిఫరల్స్ మీద, అంటే ఉద్యోగులు తమకు తెలిసినవారిని ఉద్యోగాలకు సిఫారసు చేయడం మీద, మాట్లాడగలిగాం. మా నియామకాల్లో చాలా భాగం వాటి ద్వారానే జరుగుతాయి.

అన్ని సమావేశాలూ సాఫీగా సాగలేదు. మాట్లాడితే లేని కులం పుట్టుకొస్తుందని, మొదటిరోజు మాట్లాడిన సీనియరే గట్టిగా వాదించారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. తన పిల్లలకు కులం పేరు తెలియకుండా పెంచానన్నారు. తెలియకుండా పెరగడం కూడా కొందరికే వీలవుతుందని ఎదురుగా కూర్చున్న ఒకామె మెల్లగా జవాబిచ్చింది. అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు, ఉన్న చట్టాలే చాలునంటూ కుల వివక్ష బిల్లును తిరస్కరించినప్పుడు, ఇక ఈ సమావేశాలెందుకని ఇద్దరు ముగ్గురు నాకు ఉత్తరాలు రాశారు. ఒక బృందంలో చర్చ రిజర్వేషన్ల మీదికి మళ్లి కేకల దాకా వెళ్లింది. రాజ్యాంగం మీద తీర్పు చెప్పడానికి మనం కూర్చోలేదని, ఈ అంతస్తులో మన మధ్య జరిగేదే మాట్లాడుకుందామని చెప్పి ఆపవలసి వచ్చింది.

ఇంటర్వ్యూల్లో ర్యాంకు, ఇంటిపేరు, తండ్రి వృత్తి అడగడం మానేశాం. రిఫరల్ బయోడేటాలను పంపినవారి పేరు, అభ్యర్థి ఇంటిపేరు తొలగించి ప్యానెల్‌కు ఇస్తున్నాం. ఒక మహిళా మేనేజరు, ఒక సాధారణ ఉద్యోగి, ఆ న్యాయవాది కలిసి ఫిర్యాదులు వింటున్నారు. నవంబరులో కార్తిక మాసం రాగానే కులాలవారీ వనభోజనాల పిలుపులు ఆఫీసు వాట్సాప్ గ్రూపులోకి వచ్చేవి. ఎవరికి పిలుపు రాలేదో అందరికీ తెలిసేది. ఆ ఏడాది రాలేదు. విడిగా పంపుకొని ఉంటారు, దాన్ని ఆపే హక్కు నాకు లేదు.

టీ దగ్గర నాతో మాట్లాడిన యువకుడు మరుసటి ఏడాది వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. మంచి జీతం వచ్చిందన్నాడు. అదొక్కటే కారణమా అని నేను అడగలేదు.

కొత్తగా చేరినవారితో ఇప్పుడూ చీటీలు రాయిస్తున్నాం. మొన్నటి బృందంలో ముద్రించిన చీటీల మధ్య ఒకటి నీలం ఇంకుతో, చేత్తో రాసి ఉంది: "మీ పెళ్లి మీవాళ్లలోనే జరిగిందా అని అడుగుతారు." కింద సంతకం కూడా ఉంది.