గురువారం నాలుగింటికి

మా సంఘంలో ప్రార్థన మనవులు చదివే పని పదేళ్ళుగా నాది. ఆదివారం ఆరాధనలో జబ్బుతో ఉన్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివేవాణ్ణి, అందరం కళ్ళు మూసుకుని ప్రార్థించేవాళ్ళం, తర్వాత ఆ కాగితం మడిచి బైబిల్లో పెట్టుకునేవాణ్ణి. ఒక ఆదివారం ఆ కాగితంలో నా పేరే చేరింది. చదివింది వేరొకరు.

మూడు వారాలకు పైగా తగ్గని దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి దుప్పటి తడిసేంత చెమట. కళ్ళె పరీక్షలో క్షయ అని తేలింది. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ అని నాలుగు మందులు రెండు నెలలు, ఆ తర్వాత మందుల సంఖ్య తగ్గించి మరో నాలుగు నెలలు వాడాలన్నారు. ఒక్క రోజు కూడా మానకూడదు. రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులోకి మారితే భయపడొద్దనీ, చూపు మసకబారితే మాత్రం వెంటనే రమ్మనీ ముందే చెప్పారు. పరగడుపున మాత్రలు వేసుకున్నాక కడుపులో తిప్పేది. గోడకానుకుని కూర్చుండిపోయేవాణ్ణి.

ఇదంతా ఓర్చుకోగలిగాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉండటమే ఓర్చుకోలేకపోయాను. నా భార్య చనిపోయి అప్పటికి నాలుగేళ్ళు. పిల్లలు దూరాన ఉంటారు. సంఘంవాళ్ళు ఫోన్లు చేశారు. "ప్రార్థిస్తున్నాం బ్రదర్, ఏదైనా కావాలంటే చెప్పండి" అనేవాళ్ళు. వాళ్ళ ప్రార్థన నిజమైనదే, నేను అనుమానించను. కానీ కావలసింది మనిషి అయినప్పుడు, ఒక మనిషి కావాలని నోరు తెరిచి ఎలా అడుగుతాం?

మందులు మొదలుపెట్టిన పద్దెనిమిదో రోజు తలుపు చప్పుడైంది. వెనక బెంచీలో ఒక్కతే కూర్చునే డెబ్బై దాటిన అమ్మ. పదేళ్ళలో "వందనాలమ్మా" అన్నదానికి మించి ఆమెతో నేను మాట్లాడిందే లేదు. దగ్గరికి రావొద్దన్నాను.

"మందులు మొదలుపెట్టి ఎన్నాళ్ళయింది బాబూ?"

చెప్పాను.

"రెండు వారాలు దాటింది కదా. ఆ కిటికీ తియ్యి, గాలి రానీ."

వాళ్ళాయనకు ఒకప్పుడు ఇదే జబ్బు చేసిందట. మందులు సరిగా పనిచేస్తుంటే సాధారణంగా రెండు వారాలకల్లా ఇతరులకు సోకడం ఆగుతుందనీ, ఇది గాలి ద్వారా వచ్చేదే కానీ ముట్టుకుంటే అంటేది కాదనీ డాక్టరు నాకూ చెప్పాడు. నేను విన్నాను. ఆమె నమ్మి వచ్చింది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. పద్దెనిమిది రోజుల తర్వాత ఒక మనిషి చెయ్యి! నాకు ఏడుపొచ్చింది. ఆమె ఓదార్చలేదు, వాక్యమూ చెప్పలేదు. ఏడవనిచ్చింది. వెళ్ళేటప్పుడు "గురువారం నాలుగింటికి వస్తా" అంది. వచ్చింది. ఆ తర్వాతి గురువారమూ వచ్చింది.

ఆ నెలల్లో మత్తయి ఎనిమిదో అధ్యాయం పదేపదే చదివాను. శతాధిపతి, అంటే రోమా సైనికాధికారి, దాసుణ్ణి యేసు ఆ ఇంటికి వెళ్ళకుండానే ఒక్క మాటతో స్వస్థపరిచాడు. అంటే ఆయనకు దూరం అడ్డు కాదు. కానీ దానికి కొంచెం ముందే, అదే అధ్యాయంలో, కుష్ఠరోగిని ముట్టుకున్నాడు. శుద్ధుడవు కమ్మని తర్వాత అన్నాడు, చెయ్యి ముందు చాపాడు. అలాంటివాడు పాళెం వెలుపల, అంటే జనం గుడారాలకు బయట, ఒంటరిగా ఉండాలని లేవీయకాండం 13వ అధ్యాయంలో ఉంది. అతణ్ణి ఎవరైనా ముట్టుకుని ఎన్నాళ్ళయిందో! ఆ స్పర్శ చర్మానికి అక్కర్లేదు, మనిషికి కావాలి. ఎన్నోసార్లు చదివిన ఆ వచనం దగ్గర ఇంతకుముందెప్పుడూ ఆగలేదు నేను.

ఒక గురువారం అడిగాను, "ఇంత దూరం ఎందుకు శ్రమపడతారమ్మా?"

కాసేపు మాట్లాడలేదు. "నాకు మాత్రం ఎవరున్నారు బాబూ. ఆదివారం గుడిలో అందరూ నవ్వుతారు, ఎవరూ ఆగరు. నీ దగ్గరికొస్తే నాకూ మాట్లాడే మనిషి దొరికాడు. బుధవారం నుంచే ఎదురుచూస్తా."

ఆ మాట గుచ్చుకుంది. పదేళ్ళు నేను పేర్లు చదివిన గదిలోనే ఆమె కూర్చుంది. జబ్బు లేదు కాబట్టి ఆమె పేరు ఏ కాగితంలోకీ ఎక్కలేదు.

ఆరు నెలలు పూర్తయ్యాయి, చివరి కళ్ళె పరీక్షలో ఏమీ లేదు. తిరిగి గుడికి వెళ్ళిన రోజు నేను కూర్చున్న బెంచీలో ఒకరిద్దరు కాస్త పక్కకు జరిగారు. బాధేసింది. నిష్ఠూరమాడలేదు. ఏడాది క్రితం నేనూ జరిగేవాణ్ణే. లేచి వెనక బెంచీకి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. ఇప్పుడదే నా చోటు.

పేర్లు మళ్ళీ నేనే చదువుతున్నాను. ఒక్కో పేరు చదివాక ఆగి "ఈ వారం ఎవరు వెళ్తున్నారు, ఏ రోజు?" అని అడుగుతున్నాను. మొదటి ఆదివారం అందరూ తలలు దించుకున్నారు, ఆమె ఒక్కతే చెయ్యెత్తింది. ఇప్పుడు ఇంకొందరు ఎత్తుతున్నారు. జబ్బు లేకపోయినా ఒంటరిగా ఉన్నవాళ్ళ పేర్లు కూడా, వాళ్ళు ఒప్పుకుంటేనే, రాసుకుంటున్నాం. మొన్నటి కాగితంలో నాలుగు పేర్లున్నాయి. రెండిటికి మనుషులు కుదిరారు. మిగిలిన రెండిళ్ళకు నేనూ ఆ అమ్మా ఈ సాయంత్రం వెళ్తున్నాం.