ఆ ట్రాక్టర్ ఇన్నాళ్లూ ఏం పని చేసింది?

మొత్తానికి ట్రాక్టర్ కొన్నాం. సెకండ్ హ్యాండే. ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి దగ్గర, మహేంద్రతనయ నది ఒడ్డున మాకు 3 ఎకరాల పల్లం, ఎకరంన్నర గరువు (మెరక), పక్కనే మా బావది ఇంకో 4 ఎకరాలు. ఇంత భూమికి కొత్త బండి కొంటే ఈఎంఐలకే సరిపోతుందని ఇంట్లో అందరం ఒక్క మాట మీదున్నాం (మా ఇంట్లో ఇది అరుదు). 35 నుంచి 40 హెచ్‌పీ మధ్య చాలనుకున్నాం, అంతకన్నా పెద్దదైతే మా మళ్లల్లో తిప్పుకోడానికే చోటుండదు.

మొదటి బండి ఆంధ్రా వైపు పాతపట్నంలో చూశాం. మెరిసిపోతోంది, కొత్త పెయింటు, కొత్త బ్యాటరీ, మీటర్లో 2000 గంటలు. నేను అడ్వాన్స్ తీయబోతుంటే మా మెకానిక్ మావ చెయ్యి పట్టుకుని "ఉండు నాయనా, పెడళ్లు చూసావేటి?" అన్నాడు. క్లచ్ పెడల్ మీద రబ్బరు లేదు సరే, ఇనుము కూడా నున్నగా అరిగిపోయింది. ట్రాలీ పిన్ను దూర్చే రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగింది. 2000 గంటలకి అంత అరుగుతుందా? మీటరు మార్చడం పెద్ద పనేం కాదట. అది పొలం దున్నిన బండి కాదు, ఇసుక తోలిన బండి.

అప్పట్నుంచి ఏ బండి దగ్గరికెళ్లినా నా మొదటి ప్రశ్న ఇది ఏం పని చేసిందనే. ట్రాలీ లాగిన బండికి క్లచ్, బ్రేకులు, గేర్లు పోతాయి. దమ్ము చేసిన బండి రోగాలు వేరు, కేజీ వీల్స్‌తో (బురదలో దిగబడకుండా వేసే ఇనుప చక్రాలు) బురదలో తిరుగుతుంది కాబట్టి వెనక యాక్సిల్ సీళ్లు, ముందు హబ్ బేరింగులు పోతాయి, చక్రం లోపలివైపు జిడ్డు మరకలు కనబడతాయి, గేర్ ఆయిల్ పాలు కలిపిన టీలా ఉందంటే లోపలికి నీళ్లు పోయినట్టే. నన్నడిగితే రెండో రకమే నయం. సీలు మార్చుకోవచ్చు, గేర్ బాక్స్ విప్పితే ఇల్లు గుల్లే.

ఇంజను చూడాలంటే పొద్దున్నే చెప్పకుండా వెళ్లాలి. చెబితే ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచుతారు, బానెట్ మీద చెయ్యేస్తే దొరికిపోతారు. బండి ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీస్తే అక్కణ్ణుంచి పొగ బుస్సుమని కొడుతోందా, ఇంజను లోపలి రింగులు, లైనర్లు మార్చే ఖర్చు లెక్కేసుకోండి. వేడెక్కాక కూడా సైలెన్సర్లోంచి నీలం పొగ ఆగకపోతే ఆయిల్ తాగుతున్నట్టు. తర్వాత రోటవేటర్ లేపి ఇంజను ఆపేసి టీకి వెళ్లండి, వచ్చేసరికి అది నేల మీద కూర్చుంటే దాన్ని ఎత్తి పట్టే లిఫ్ట్‌కి రిపేరు పనుంది.

రెండో బండి అన్నివిధాలా బాగుంది కానీ ఆర్‌సీ మీద ఫైనాన్స్ వాళ్ల పేరు అలాగే ఉంది. అప్పు తీరిపోయింది, కాగితం రేపు తెస్తానంటూ ఆయన నెల తిప్పాడు, వదిలేశాను. మనలాంటి బోర్డర్ వాళ్లకి అసలు టెన్షన్ ఇక్కడే. ఫైనాన్స్ పేరు తీయించడానికి ఫారం 35, ఆంధ్రా బండైతే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), పేరు మార్పుకి 29, 30. 12 నెలలు దాటి ఇక్కడే ఉంచుకుంటే ఒడిశా నంబరు తీసుకోవాల్సిందే. ట్రాలీ కూడా కొంటే దాని రిజిస్ట్రేషన్ వేరు, అదీ అడగండి.

చివరికి గుణుపురం వైపు ఒక పెద్దాయన దగ్గర మహీంద్రా 275 దొరికింది, 39 హెచ్‌పీ, ఓడీ 18, అంటే ఒడిశా నంబరే కాబట్టి ఎన్‌ఓసీ గొడవ లేదు. పెయింటు ఎండకి వెలిసిపోయింది, సీటు చిరిగితే గోనెసంచి కుట్టుకున్నాడు. ఎడమ వెనక సీలు కారుతోందని ఆయనే చూపించి ధర తగ్గించాడు. మొన్న ఆదివారం మావ, నేను కూర్చుని అది మార్చాం, తుప్పు పట్టిన బోల్టు ఒకటి విరిగి సాయంత్రం దాకా ఏడిపించింది. గోనెసంచి మాత్రం అలాగే ఉంచాను, ఎండలో రెక్సిన్ కన్నా అదే హాయిగా ఉంది.