ఎడమ భుజం దిగనంటోంది: ఈఎంజీ బయోఫీడ్‌బ్యాక్, తాజా సంగతులు

ఎడమ భుజం మళ్లీ 9 దగ్గరే ఆగింది. మైక్రోవోల్టుల్లో, అంటే కండరం పుట్టించే విద్యుత్తు, బిగుసుకున్నకొద్దీ అంకె పెరుగుతుంది. కుడి భుజం ఐదు నిమిషాల్లో మర్యాదగా 3.5కి దిగిపోతుంది, ఎడమది మాత్రం కూర్చున్నా, పడుకున్నా, ఊపిరి నెమ్మదిగా వదిలినా, బతిమాలినా 9 నుంచి కదలదు. అంకె దిగేదాకా మోగేలా పెట్టిన బజర్ ఆగదు. మెడనొప్పి తగ్గేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో గమనించడం నేర్చుకుందామని కట్టుకున్న ఈఎంజీ బయోఫీడ్‌బ్యాక్ డబ్బా ఇది (కండరం విద్యుత్తును కొలిచి అప్పటికప్పుడు మనకే చూపిస్తుంది), దాని వల్లే రోజూ అరగంట పళ్లు కొరుక్కుంటూ కూర్చుంటున్నాను.

మిగతా సాధనలు బాగానే నడుస్తున్నాయి కాబట్టి త్వరగా చెప్పేస్తా. నిమిషానికి 6 ఊపిరులు ఇప్పుడు లెక్కపెట్టకుండానే వస్తున్నాయి. వేలికి డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సర్ కట్టి చెయ్యి వెచ్చబరచుకోవడం జనవరిలోనే కుదిరింది, 31 నుంచి 33.5 డిగ్రీలకు. 1970లో అమెరికాలోని మెనింగర్ ఫౌండేషన్‌లో యోగి స్వామి రామ ఒకే అరచేతిలో రెండు చోట్ల రెండు రకాల వేడి తెచ్చి చూపించారట, మనకు అంత అవసరం లేదు. పైగా ఏప్రిల్ వచ్చాక హైదరాబాద్‌లో ఆ సాధనకు అర్థమే లేదు, గదే 36 డిగ్రీలుంటే వేలు తనంతట తానే 35 చూపిస్తుంది. మళ్లీ నవంబర్‌లో చూద్దాం.

ఇక భుజం. గచ్చిబౌలిలో రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని సాయంత్రానికి మెడ నుంచి భుజం దాకా గుంజుతుంటే, నొప్పి ఎప్పుడు మొదలైందో నాకు బాగానే తెలుస్తోంది, ఎప్పుడు పోయిందో మాత్రం తెలియదు. భోజనం చేస్తుంటేనో ఫోన్ చూస్తుంటేనో అది మాయమైపోయి ఉంటుంది, నేను గమనించను. ఆ వదులయ్యే క్షణాన్ని పట్టుకోవాలన్నదే ఈ తతంగమంతా. (చేతిలో తిమ్మిరి, పట్టు తగ్గడం లాంటివి ఉంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, టంకం పెట్టెలు తర్వాత. నాకు అవి లేవని చూపించుకున్నాకే మొదలుపెట్టాను.)

కిట్ పాతదే: రెండు బయోయాంప్ ఈఎక్స్‌జీ పిల్‌లు (ఒంటి సన్న సిగ్నల్‌ను పెంచే చిన్న ఆంప్లిఫయర్ బోర్డులు), గెయిన్, అంటే ఎన్ని రెట్లు పెంచుతాయో అది, సుమారు 1000, ట్రపీజియస్ (మెడ నుంచి భుజం దాకా ఉండే కండరం) మీద మెడ కింది పెద్ద ఎముకకీ భుజం అంచుకీ సరిగ్గా మధ్యలో, 20 మిల్లీమీటర్ల ఎడంతో ఎలక్ట్రోడ్లు, రిఫరెన్స్ ఆ మెడ ఎముక మీదే. సెకనుకు 1000 శాంపిళ్లు, 20 హెర్ట్జ్ హై-పాస్ (అంతకంటే నెమ్మదైన కదలికల్ని తీసేసే ఫిల్టర్), 50 హెర్ట్జ్ నాచ్ (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని తీసేసేది), పావు సెకను ఆర్ఎమ్ఎస్ (ఒక రకం సగటు, నేను చెప్పే అంకె ఇదే). సిగ్నల్‌ను అంకెలుగా మార్చే బోర్డు మాత్రం ఆర్డుయినో ఊనో ఆర్4కి మార్చాను, ఈ పనికి పాత ఊనో వద్దనే అంటాను: 10 బిట్లకి 5 వోల్టులంటే ఒక్కో మెట్టు 4.88 మిల్లీవోల్టులు, గెయిన్‌తో భాగిస్తే దాదాపు 5 మైక్రోవోల్టులు. మనం వెతుకుతున్నదే 3, 4 మైక్రోవోల్టులైతే ఆ మెట్లతో ఏం కొలుస్తాం? ఆర్4లో రిజల్యూషన్ 14 బిట్లకు పెడితే మెట్టు 0.3కి వస్తుంది. ఆ వరుస మాత్రం కోడ్‌లో మనమే రాయాలి, రాయకపోతే అది కూడా 10 బిట్లే ఇస్తుంది.

ఇంత చేసినా ఎడమ భుజం 9.1. పాత బోర్డు మీద 9, కొత్త బోర్డు మీద 9.1.

మొదటి అనుమానం ఆంప్లిఫయర్. కుడి ఎడమల తీగలు ఒకదానికొకటి మార్చాను. 9 భుజంతోనే ఉండిపోయింది, బోర్డుతో వెళ్లలేదు. కాబట్టి ఆంప్లిఫయర్ నిర్దోషి.

రెండోది ఎలక్ట్రోడ్లు. చెమటకు జెల్ జారిపోతోందేమోనని కోఠిలో ఒక సర్జికల్ షాపులో 3ఎం రెడ్ డాట్ తెచ్చి, చర్మం స్పిరిట్‌తో తుడిచి, వెంట్రుకలు గీసి అంటించాను. 8.9. ధర చూస్తే గుండె కలుక్కుమంటుంది కానీ కూలర్ గాలి తేమలో కూడా ఊడలేదు, ఇక వాటినే వాడతాను. పేరు లేని ప్యాకెట్లలో వచ్చేవి శీతాకాలంలో చాలు.

మూడోది, అందరూ మొదట అనుమానించేది, కరెంటు హమ్, అంటే ఇంటి కరెంటు నుంచి సిగ్నల్‌లోకి పాకే 50 హెర్ట్జ్ రొద. ల్యాప్‌టాప్ ఎలాగూ బ్యాటరీ మీదే ఉంటుంది (ఒంటికి తీగలున్నప్పుడు చార్జర్ పెట్టకూడదని మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటా). ఫ్యాన్ ఆపాను, ట్యూబ్‌లైట్ ఆపాను, చివరికి అమ్మను బతిమాలి ఇంటి మెయిన్ ఆపించాను. "ఏందిరా, ఒంటికి కరెంట్ పెట్టుకుని ఇంట్లో కరెంట్ తీసేస్తున్నవ్?" అంది. 8.1కి దిగింది. అంటే హమ్ ఉంది, కానీ అసలు దొంగ అది కాదు. తీగల్ని జంటగా మెలితిప్పి సగానికి కోసేసరికి ఫ్యాన్ ఐదు మీద తిరుగుతున్నా అదే 8.1 వచ్చింది, మెయిన్‌తో పని లేకుండా పోయింది. ఒక్క ఇన్వర్టర్ మాత్రం వేరే కథ, మాది చతురస్ర తరంగం ఇచ్చే పాత రకం, కరెంటు పోయి అది అందుకోగానే అంకె 14కి ఎగిరింది. స్పెక్ట్రమ్‌లో 150, 250 దగ్గర కొమ్ములు. 50కి పెట్టిన నాచ్ వాటిని ముట్టుకోదు. ఇప్పుడు కరెంటు పోతే సెషన్ ఆపేస్తున్నాను.

నాలుగో అనుమానం నా భుజమే. నిజంగానే అంత బిగుసుకుని ఉందేమో. ఆఫీసు బ్యాగు ఎప్పుడూ ఎడమ భుజానికే వేసుకుంటాను కదా. కానీ నేల మీద చాప వేసుకుని వెల్లకిలా పడుకుని చేతి కింద దిండు పెట్టుకున్నా 7.8. కూర్చుంటే 8.1, పడుకుంటే 7.8! బరువు మొత్తం దించేసిన కండరం ఇంత మొండిగా ఉండదు. కొలుస్తున్నది కండరాన్ని కాదు, ఇంకేదో ఉందని ఇక్కడే తేలింది.

అప్పుడు ఆర్ఎమ్ఎస్ పక్కనపెట్టి ముడి తరంగాన్ని గీయించాను. గడ్డిలాంటి గజిబిజి మధ్యలో క్రమం తప్పకుండా 45 మైక్రోవోల్టుల ముల్లు, నిమిషానికి 72. చూడగానే నవ్వొచ్చింది. అయినా నమ్మకం కోసం వేలికి మ్యాక్స్30102 అనే నాడి సెన్సర్ పెట్టి రెండూ ఒకే స్క్రీన్ మీద చూశాను: భుజం మీద ముల్లు, పావు సెకను తర్వాత వేలిలో నాడి, మళ్లీ ముల్లు, పావు సెకనుకి నాడి. గుండె! ఎడమవైపు దగ్గర కాబట్టి దాని విద్యుత్తు ఎడమ ట్రపీజియస్ మీదికి పాకుతోంది. నేనేమో గుండెను శాంతపరచడానికి భుజం వదులు చేస్తూ కూర్చున్నాను, అది ఆగితే తప్ప బజర్ ఆగదు.

ఇందుకే ఎన్వలప్ అవుట్‌పుట్ (సెన్సరే నున్నగా చేసి ఇచ్చే గీత) మీద నాకు నమ్మకం లేదు. మయోవేర్ 2.0 కండరం సెన్సర్‌లో ముడి సిగ్నల్ కూడా ఇస్తారు, అది తీసుకోండి. నున్నగా చేసిన గీతలో ఈ ముల్లు ఎక్కడా కనిపించదు, అంకె కాస్త ఎక్కువుంటుంది, అంతే.

హై-పాస్ 20 నుంచి 30 హెర్ట్జ్‌కి జరిపితే 8.1 కాస్తా 5.6 అయింది. 40కి పెడితే 4.9, కానీ భుజం కొంచెం ఎత్తినప్పుడు వచ్చే మార్పు కూడా మొద్దుబారింది, అది నచ్చలేదు. ఇప్పుడు 20 దగ్గరే ఉంచి, ప్రతి ముల్లు చుట్టూ 100 మిల్లీసెకన్లు తీసేసి మిగిలిన దానికే ఆర్ఎమ్ఎస్ కడుతున్నాను: 4.3. మొదటిసారి బజర్ ఆగినప్పుడు ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో!

సంబరం ఒక్క సాయంత్రమే. ఎందుకంటే 4.3 ఆదివారం పొద్దుటి అంకె. ఆఫీసు నుంచి వచ్చాక ముళ్లు తీసేసినా ఎడమ 7 చూపిస్తుంది, ఇది మాత్రం అచ్చంగా కండరమే, పడుకుంటే దిగుతుంది. బజర్ పెట్టుకుంటే నాలుగు నిమిషాల్లో 5 కిందికి వస్తుంది. వస్తే? నొప్పి మాత్రం పదికి ఐదు ఉన్నది ఐదుగానే ఉంటుంది. పావుగంట తర్వాత ఎప్పుడో మూడుకి దిగుతుంది, అప్పటికి నేను లేచి వెళ్లిపోయి ఉంటాను. అంటే యంత్రం "వదులైంది" అన్న క్షణానికీ నాకు హాయి అనిపించే క్షణానికీ మధ్య పది నిమిషాల పైనే ఖాళీ. కండరం విద్యుత్తు తగ్గినంత మాత్రాన అప్పటిదాకా సలిపినది వెంటనే ఊరుకోదు కదా, ఆ లెక్కన ఇందులో వింత లేదు. కానీ నేను కట్టిన బజర్ ఆ ఖాళీ గురించి ఏమీ చెప్పదు. అది నేర్పుతున్నది బజర్ ఆపడం.

దీనికి ఒక పరీక్ష పెట్టుకున్నాను. స్క్రీన్ తిప్పేసి, కళ్లు మూసుకుని, ముందు అంకె ఊహించి చెప్పడం, తర్వాత చూడడం. కుడివైపు ఒక్క మైక్రోవోల్టు తేడాతో చెప్పేస్తున్నాను. ఎడమవైపు 7 ఉన్నప్పుడు 4 అంటాను. ప్రతిసారీ తక్కువే అంటాను. ఎప్పుడూ బిగుసుకుని ఉండేసరికి ఆ బిగుతే మామూలు అనిపిస్తోందేమో అని ఒక ఊహ. లేదా నొప్పి ఉన్నచోట మిగతా కబుర్లు వినబడవేమో. రెండో ఊహ నిజమైతే నొప్పి లేని పొద్దుటి పూట ఎడమ అంచనా సరిగ్గా రావాలి. కొంచెం మెరుగ్గా వస్తోంది, కానీ పొద్దుట అంకెలన్నీ చిన్నవే కాబట్టి తప్పడానికి చోటెక్కడ? కావాలని భుజం 7 దాకా ఎత్తిపట్టి ఊహిస్తే సరిగ్గా చెబుతున్నాను. కాబట్టి నేను ఎత్తిన బిగుతు తెలుస్తోంది, దానంతట అదే ఎక్కిన బిగుతు తెలియట్లేదు. ప్రస్తుతానికి ఇక్కడ ఇరుక్కున్నాను.

బజర్ మీద ఇంకో ఫిర్యాదు: అది మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడి భుజం 30కి లేస్తోంది. రికార్డింగ్‌లో స్పష్టంగా ఉంది, మోత మొదలైన వెంటనే గీత నిలువుగా పైకి. పీజో బజర్లు అమ్మేవాళ్లు ఏమైనా అనుకోనీ, ఈ పనికి అవి దండగ. తీసేస్తున్నాను. బిగుతు తగ్గేకొద్దీ సన్నబడిపోయే మంద్ర స్వరం ఒకటి హెడ్‌ఫోన్స్‌లో పెడతాను.

చదివిన వాటిలో నన్ను బాగా ఆకర్షించింది నార్వేలో ప్యాకింగ్ పని చేసే మహిళల మీద వియర్‌స్టెడ్ బృందం 1990ల మొదట్లో చేసిన పని. వాళ్లు సగటు బిగుతు కంటే కండరానికి మధ్యమధ్యలో దొరికే చిన్న విరామాలను లెక్కించారు, పూర్తి బలంలో 0.5 శాతం కంటే తక్కువగా కనీసం 0.2 సెకను ఉంటే ఒక విరామం. నొప్పి వచ్చినవాళ్లకు ఆ విరామాలు తక్కువ. నేనూ లెక్కపెడదామంటే నా పూర్తి బలం 430 మైక్రోవోల్టులు, అందులో 0.5 శాతం 2.15. ఇన్‌పుట్లు కలిపేసి చూస్తే నా కిట్ సొంత నాయిసే 2.4! కాబట్టి ప్రస్తుతానికి గీతను 1.5 శాతం దగ్గర గీస్తాను, దాన్ని విరామం అనడం కొంచెం మోసమే, కానీ పొద్దుటికీ సాయంత్రానికీ పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఈ వారం గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక కాలింగ్ బెల్ స్విచ్ తెస్తాను. స్వరం లేకుండా, స్క్రీన్ లేకుండా అరగంట కూర్చుని, "తగ్గింది" అనిపించిన ప్రతిసారీ నొక్కుతాను, అంకెలు వెనకాల రికార్డవుతాయి, తర్వాత పోలుస్తాను. మధ్యలో లేచిపోకుండా చివరి పావుగంట కూడా కూర్చోవాలి, అదే కష్టం, ఆ సమయానికి అమ్మ అన్నం పెట్టేస్తుంది.

ఆ తర్వాత నుదుటికి, తలనొప్పి రోజుల కోసం. అక్కడ గుండె ముళ్లు ఇంత ఉండవు, కానీ రెప్పపాట్లు ఉంటాయి, అదొక కొత్త తలనొప్పి. అసలు కోరిక మాత్రం బ్యాటరీతో నడిచే చిన్న లాగర్ ఒకటి చొక్కా లోపల పెట్టుకుని ఆఫీసుకు వెళ్లి రావడం, బ్యాగు ఎడమ నుంచి కుడికి మార్చితే సాయంత్రం 7 ఎంతవుతుందో చూడడం. అమీర్‌పేట్ మెట్రో సెక్యూరిటీ దగ్గర ఒంటికి తీగలతో నిలబడి ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు, అందుకని మొదటి వారం బైక్ మీదే.